ఓడ కదిలేదాకా

“పేరు సెప్తే సాలదమ్మా. మనిషి రావాలి.”

ఆ మాట విని తవిటమ్మ ఇంకో అడుగు దగ్గరకు జరిగింది. ఎదురుగా ట్యాబ్ పట్టుకుని నిలబడ్డ ఓడ ఉద్యోగి ధనుంజయ్ ఆమె హాజరు వేసుకున్నాడు గానీ, కోడలు నీలిమ పేరు చెప్పగానే తల అడ్డంగా ఊపాడు.

పలాస జీడిపప్పు వ్యాపారులు కొందరు కుటుంబాలతో కలిసి వేసుకున్న విహారయాత్ర అది. ఓడ ఇంకా విశాఖ రేవులోనే ఉంది. సైరన్ మోగగానే లైఫ్ జాకెట్లు తగిలించుకుని అందరూ కింది అంతస్తు హాల్లోకి చేరారు. ఆపద వస్తే ఎవరు ఎక్కడికి రావాలో నేర్పే డ్రిల్లట. రానివాళ్ల పేర్లు మైకులో పిలుస్తారు. అప్పటికీ రాకపోతే గదికి మనిషిని పంపుతారు. అందరి హాజరూ పడేదాకా ఓడ కదలదు.

మైకు అనగానే తవిటమ్మ చూపు హాలు చివరికి పోయింది. కొడుకు జయకృష్ణ బాబూరావు, మిగతా స్నేహితుల మధ్య నిలబడి పగలబడి నవ్వుతున్నాడు. అంత సరదా మనిషి పలాసలోనే లేడని నలుగురూ అంటారు. నలుగురూ అతనితో కాపురం చెయ్యరు కదా.

మొన్న టెక్కలిలో పెళ్లి భోజనాల దగ్గర నీలిమ ఎవరితోనో నవ్వుతూ మాట్లాడింది. ఇంటికొచ్చాక జయకృష్ణ తలుపేసుకున్నాడు. మర్నాడు నీలిమ చేతికి కట్టు చూసి అడిగినవాళ్లందరికీ బాత్‌రూములో జారిపడిందని చెప్పింది తవిటమ్మే. ఆ అబద్ధం ఇప్పటికీ ఆమె నాలుక మీద చేదుగానే ఉంది.

“మా కోడలికి ఒళ్లు కాలిపోతంది బాబూ. గదిలో తొంగుంది. దాని పేరు కూడా ఏసీయి.”

“పేరేసెయ్యడానికి ఇదేటి తుఫాను సెంటరా అమ్మా?”

ఆ యాసకు తవిటమ్మ తలెత్తింది. “మీదేవూరు బాబూ?”

“డొంకూరు. సముద్రం ఒడ్డే.”

“అయితే నీకు తెల్దేటి? మా ఉద్దానంలోనూ అంతే. తుఫానొత్తే ఇంటికొకలు సెంటరుకెళ్లి అందరి పేర్లూ సెప్పేత్తారు. మిగిలినోళ్లు ఇంటికాడే ఉంటారు.”

“అలా సెప్పబట్టే మా సిన్నాన్న కొట్టుకుపోయినా ఎవులూ ఎతకలేదమ్మా. సెంటర్లో ఉన్నాడనుకున్నారు.” ధనుంజయ్ గొంతు పెంచలేదు. “ఇక్కడ పేరుంటే మనిషుండాలి.”

సముద్రమంటే ఆమడ దూరం పరిగెత్తే తవిటమ్మ, ఈ ఓడ ప్రయాణానికి తనే పట్టుబట్టి వచ్చింది. ఇప్పుడు ఎప్పుడు కదులుతుందా అని ఉంది. ఒక్కసారి కదిలితే మళ్లీ ఎల్లుండి దాకా ఒడ్డు కనబడదని జయకృష్ణే చెప్పాడు.

ఆమె అనుకున్నంతా అయింది. జయకృష్ణ నవ్వుతూనే దగ్గరకొచ్చాడు. నవ్వుతూనే గొంతు తగ్గించాడు.

“అదేదమ్మా?”

“జొరమొచ్చిందిరా. గదిలో...”

“మైకులో నా పెళ్లాం పేరు పిలిపిద్దామనా? బాబూరావు వాళ్లందరి ముందు నా పరువేం కాను? తాళం ఇటియ్యి. నేనెళ్లి లేపుతాను.”

ఆడవాళ్లిద్దరి గది తాళం తవిటమ్మ గుప్పిట్లో ఉంది. ‘లోపలికి రావద్దు’ అన్న అట్ట తలుపుకు తగిలించి మరీ వచ్చింది. గుప్పిలి ఇంకా బిగించింది.

“నువ్వెళ్లరా. నాను తెత్తాను కదా.”

“దాని పేరు మైకులో ఇనబడాలి, అప్పుడు సెప్తాను దాని పని.”

అతను వెళ్లిపోయాడు. స్నేహితుల దగ్గరికి చేరేలోపే మళ్లీ పెద్దగా నవ్వాడు.

ధనుంజయ్ అంతా విన్నాడు. ఆమె చేతి వంకే చూస్తున్నాడు.

“గది నంబరు సెప్పమ్మా.”

చెప్పింది. అతను ట్యాబ్‌లో కొట్టి, తెర మీద ఏదో చదివాడు. మళ్లీ చదివాడు. తలెత్తి హాలు చివర ఉన్న జయకృష్ణను చూశాడు, తర్వాత తవిటమ్మను చూశాడు. ఇక అయిపోయిందనుకుంది తవిటమ్మ. పక్కనున్న కుర్చీ వీపు పట్టుకుంది.

“మీ కోడలుగారి గురించి మరేం పర్లేదమ్మా,” అన్నాడు ధనుంజయ్, హాలు చివరి దాకా వినబడేలా. “ఆవిడ పేరు పిలవరు.”

జయకృష్ణ చెయ్యెత్తి సరేనన్నట్టు ఊపి, మళ్లీ కబుర్లలో పడ్డాడు. తవిటమ్మ ధనుంజయ్‌కి దండం పెట్టబోయింది. అతను చూడనట్టే పక్క కుటుంబం వైపు తిరిగి, లైఫ్ జాకెట్ పట్టీ ఎలా బిగించాలో చూపించసాగాడు.

కాసేపటికి ఓడ పెద్దగా కూత పెట్టింది. తాళ్లు విప్పారు. తవిటమ్మ పైకెక్కి కమ్మీ పట్టుకుని నిలబడింది. ఒడ్డుకీ ఓడకీ మధ్య నీళ్లు కొంచెం కొంచెం వెడల్పవుతుంటే రెప్ప వెయ్యకుండా చూసింది. సముద్రాన్ని చూసి ఆమె ప్రాణం కుదుటపడటం పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు.

జయకృష్ణ వెనకనుంచి వచ్చి చెయ్యి చాచాడు. ముఖంలో నవ్వు లేదు.

“తాళం ఇయ్యమ్మా. జొరమో నాటకమో నేను తేలుత్తాను.”

తవిటమ్మ రేవు వైపు చూసింది. అక్కడి మనుషులు పోల్చుకోలేనంత చిన్నగా అయిపోయారు. భయం పోలేదు. కానీ ఇప్పుడది తన ఒక్కదాని భయం. గుప్పిలి విప్పి తాళం కొడుకు చేతిలో పెట్టింది.

సైరన్ మోగకముందే నీలిమ గేటు దగ్గర తన పేరు కొట్టేయించుకుని ఓడ దిగి వెళ్లిపోయింది.