మూడుసార్లు గుంజి

గాలిమరలు మరమ్మతు చేసే ఉద్యోగానికి వచ్చిన స్రవంతి జన్యు కార్డు చూసి అధికారి పెదవి విరిచాడు.

"ఎత్తంటే భయం, తొంభై ఒక్క శాతం. తండ్రి నుంచి వచ్చింది."

పక్కనే ఉన్న తండ్రి బుచ్చిరాములు ముప్పై ఏళ్లు తాటిచెట్లెక్కి కల్లు గీసిన మనిషి. "నిజమే సారూ. చెట్టెక్కినప్పుడల్లా నా కాళ్లు వణుకుతుండె. అందుకే నడుముకు కట్టిన మోకును మూడుసార్లు గుంజి చూసుకునేటోణ్ని. మా ఊళ్లె చెట్టు మీదికెల్లి పడనోణ్ని నేనొక్కణ్నే."

కార్డు ఎలా ఉన్నా ఒకసారి గాలిమర ఎక్కనివ్వాలని నిబంధన ఉంది. అప్పటికే కార్డులో భయం సున్నా ఉన్న ఐదుగురు అభ్యర్థులు, ఒకరి తర్వాత ఒకరు అదే బెల్టు కట్టుకుని చకచకా ఎక్కి దిగారు. స్రవంతి కూడా ఆ బెల్టే కట్టుకుంది. దాని తాడును ఒకసారి గుంజింది. రెండోసారి గుంజింది. మూడోసారికి కొక్కెం విరిగి చేతిలోకి వచ్చింది.

ఆమె ఇంకో బెల్టు అడిగి తీసుకుంది. దాన్నీ మూడుసార్లు గుంజి, మెల్లగా పైదాకా ఎక్కింది.

అధికారి కార్డును మళ్లీ మొదటినుంచి చదవసాగాడు.

"అండ్ల దొరకదు సారూ," అన్నాడు బుచ్చిరాములు, బిడ్డ మీది నుంచి చూపు తిప్పకుండానే. "భయం పుట్టుకతోని ఇచ్చిన. గుంజుడు చెట్టు కింద నిలబెట్టి నేర్పిన."