గడి కింద అదురు

"నా గడి కింద సొరంగం తవ్వి పేలుడు మందు పెట్టింది నా మీద తిరగబడ్డ మీ సంగపోల్లే. తవ్వింది నువ్వు."

దొర కర్రెత్తి చూపింది బావులు తవ్వే కురుమయ్యను. రజాకార్ల దినాలవి. నిన్న పగటిపూట భూమి కదిలి గడి గోడ నిలువునా పగిలింది. పోలీసు అమీను తుపాకులోల్లతోటి దిగిండు. సొరంగం దొరికితే కురుమయ్యను ఆడనే కాలుస్తమన్నడు.

కురుమయ్య నోరు ఆగలేదు. బండకు మందు గూరి పేలిస్తే ఒక్కటే దెబ్బ తగులుతదన్నడు. నిన్న రెండొచ్చినయి. ముందు సన్నగ ఒక గుద్దు, జరసేపటికి పెద్ద ఊపు. భూమి లోతుల బండలు ఏండ్లకేండ్లు ఒకదాన్నొకటి ఒత్తుకుంటయి, ఒకనాడు పట్టు తప్పి జారుతయి. ఆ అదురు నలుదిక్కులా ఉరుకుతది. గుద్దెటిది ముందొస్తది, ఊపెటిది వెనుకొస్తది. రెంటి నడుమ ఎడం ఎక్కువుంటే పుట్టింది దూరంల అన్నట్టు.

"గంత దూరంలున్న హాలియాల గూడ ఊగిందంట సర్కార్. ఆడ గూడ నేనే తవ్విన్నా?"

"బావులు తవ్వెటోనికి గింత సదువెక్కడిది?" అన్నడు దొర.

"ముప్పై ఏండ్లు భూమికి చెవి పెట్టిన."

"అయితే ఇప్పుడు పెట్టు" అన్నడు అమీను.

గడి చుట్టూ తిరిగిండ్రు. ఒక జవాను సమ్మెటతోటి నేలను కొడుతుంటే, కొంత దూరంల దిగేసిన గడ్డపారకు కురుమయ్య చెవి ఆనించిండు. తూర్పుకు గట్టిది. దక్షిణానికి గట్టిది. అదురు కంగున వస్తాంది.

పశువుల కొట్టం వెనుకకు మల్లేసరికి దొర మాట మారింది. ఎండ ముదిరింది, కురుమయ్య మంచోడు, ఇడిసిపెట్టుండ్రి అన్నడు. అమీను కండ్లు చిన్నగైనయి. ఇందాక తవ్వింది వీడేనన్నోడు ఇప్పుడు ఇడువుమంటడేంది?

"కొట్టు" అన్నడు జవానుతోటి.

సమ్మెట పడ్డది. ఈసారి కంగుమనలేదు. అదురు మెత్తటి దాంట్ల పడి నడుమనే చచ్చింది. కురుమయ్య తలెత్తి దొర దిక్కు చూసిండు. దొర పంచె కొంగుతోటి మెడ తుడుచుకుంటుండు.

"బోలుగుందా?" అని అమీను అడిగిండు.

"లేదు సర్కార్. జరంత గూడ బోలు లేదు."

అమీను ఉమ్మేసి గుర్రమెక్కిండు. దొర కురుమయ్య భుజం తట్టిండు, పుట్టినకాంచి మొదటిసారి.

ఆ సంగతి సంగం పెద్ద బీరన్నకు అప్పటికే చేరింది. ఇంటికొచ్చిన కురుమయ్యను గుమ్మంలనే నిలవేసిండు. "దొర భుజం తట్టేంత పని ఏం చేసొచ్చినవ్ రా? ఎవని పేరు చెప్పినవ్?"

"ఎవని పేరూ చెప్పలే. బోలు లేదన్న, ఉన్నమాటే అన్న. నిండుగున్నది. సర్కారు లెవీకి పోయినయని చెప్పి దొర మనల పస్తులుంచిన జొన్నలన్నీ కొట్టం వెనుక నేల కింది పాతరల్నే ఉన్నయి. ఊరందర్ని పిలువు, గంపలు పట్టుకొని ఇప్పుడే నడువుండ్రి."