జోడీకి ఒక్కటే

"రూట్ డెబ్బై రెండు!"

పుష్పావతి బాత్రూం తలుపు దబదబ బాదింది. లోపల నీళ్ల చప్పుడు ఆగిపోయింది.

"ముప్పై ఆరు రూట్ రెండు," అన్నాడు మునిశంకర్.

"ఇంగ బయటికే రావద్దు. ఆడనే ఉండు."

ఆండర్సన్‌పేటలో ఆ మొగుడూ పెళ్లాలకు కొన్నాళ్లుగా ఇదే సుప్రభాతం. మాలూరు దారిలో కొత్తగా వెలిసిన ఇంగ్లీషు మీడియం స్కూల్లో ఎల్‌కేజీ సీటు కావాలంటే అమ్మానాన్నలకు ఇంటర్వ్యూ. ఇంటి దగ్గర పాఠం చెప్పలేనివాళ్లు మాకు అక్కర్లేదని స్కూలు వాళ్ల పట్టుదల. తల్లిని బిడ్డ సంగతులు అడుగుతారు. తండ్రిని లెక్కలు అడుగుతారు. పక్కింటి శశి మొగుడు ఇంజనీరు. అంతటివాడు కూడా వర్గమూలం దగ్గర బోల్తా పడి, సీటు లేకుండా తిరిగొచ్చాడు. శశి ఇప్పటికీ అతనికి అన్నం పెడుతుంది గానీ మాట్లాడదు.

మునిశంకర్ కామర్స్ మనిషి. హైస్కూల్లో వర్గమూలాలు చెప్పిన రోజుల్లో అమ్మవారు పోసి వేపాకుల్లో పడుకున్నాడు. అప్పుడు తప్పించుకున్న పాఠం ఇప్పుడు వెతుక్కుంటూ వచ్చింది.

తల తుడుచుకుంటూ బయటికొచ్చేసరికి పుష్పావతి మంచం మీద కాళ్లు చాపుకుని కూర్చుంది. ఒక చేతిలో పచ్చిమామిడి ముక్క, ఇంకో చేతిలో బిడ్డకని కొన్న కొత్త పలక.

"ఇట్ల చూడప్పా. డెబ్బై రెండును విడగొడితే రెండు, రెండు, రెండు, మూడు, మూడు. రెండ్లలో ఒక జోడీ. మూళ్లు ఒక జోడీ. జోడీకి ఒక్కటే బయటికి వస్తాది. రెండు మూళ్లు ఆరు. మిగిలిన రెండు ఒంటిది, లోపలే ఉంటాది. ఆరు రూట్ రెండు."

"మరి జోడీలో రెండోది యాడికి పోతాది?"

"యాడికీ పోదు. నాలుగుకు రూట్ ఎంత? రెండే కదా. నువ్వు నాలుగును నాలుగుగానే ఈడ్చుకొస్తాండావు."

మునిశంకర్ తలూపాడు. తలూపడంలో అతనికి చిన్నప్పటి నుంచీ నూటికి నూరే.

"రాత్రి నిద్ర పట్టిందా?" అన్నాడు మాట మారుస్తూ.

"యాడ పట్టేది? ఇటు తిరిగినా అటు తిరిగినా బిడ్డ ఒకటే తన్నడం. నువ్వేమో గురక."

రైల్లోనూ అదే గోల. మారికుప్పం నుంచి బెంగళూరు పోయే బండిలో ఎదురుగా కూర్చునే మూర్తికి విషయం చెప్పడమే తప్పయింది. బంగారుపేటలో మూర్తి రూట్ నలభై ఐదు ఎంతని అడిగాడు. టేకల్ వచ్చేసరికి పెట్టెలో సగం మంది తొంభై ఎనిమిదిలో జోడీ వెతుకుతున్నారు. పేకాట వాళ్లు ముక్కలు బోర్లించి మరీ కొట్లాడుకున్నారు.

అందరికీ అది నవ్వులాట. మునిశంకర్‌కు మాత్రం భయం. తన మొద్దుతనం బిడ్డ చదువుకు అడ్డం పడుతుందేమోనని.

ఇంటర్వ్యూ రోజు రానే వచ్చింది. మునిశంకర్ బండి తీయబోతే తల్లి అక్కయమ్మ ఒప్పుకోలేదు. ఆటో పిలిపించింది.

"గుంతల్లో మెల్లగా పొమ్మను శంకరా. సీటొస్తే కురుడుమలె వినాయకునికి కొబ్బరీ బెల్లమూ పెట్టి కడుబులు చేసి పెడతానని మొక్కుకున్నా."

ప్రిన్సిపాల్ మేడమ్ కళ్లద్దాలు సర్దుకుని, అందరినీ అడిగే ప్రశ్నలే వరసగా అందుకుంది. ముందు పుష్పావతి వంతు.

"బిడ్డ చురుకేనా?"

"చానా చురుకు మేడమ్. ఒక్క చోట కుదురుగా ఉండదు."

"తిండికి పేచీ పెడుతుందా?"

"లేదు మేడమ్. నేను తిన్నదే. వేరే వండే పని లేదు."

"మిమ్మల్ని వదిలి ఉంటుందా?"

"ఇంతవరకు ఒక్క నిమిషం ఉండలేదు మేడమ్."

"స్కూలుకొస్తే అదే అలవాటవుతుంది లెండి," అని మేడమ్ ఇటు తిరిగింది. "సార్, రూట్ నూట ఎనభై?"

మునిశంకర్ పెన్ను పట్టుకున్నాడు.

"నూట ఎనభై... రెండు తొంభైలు. తొంభై... రెండు నలభై ఐదులు. నలభై ఐదు... మూడు పదైదులు. పదైదు... మూడు ఐదులు. రెండ్లు జోడీ, మూళ్లు జోడీ. బయటికి నాలుగు..."

పుష్పావతి దగ్గింది.

"కాదు కాదు! రెండు బయటికి. మూడు బయటికి. రెండు మూళ్లు ఆరు. ఐదు ఒంటిది. లోపలే ఉండనీ పాపం. ఆరు రూట్ ఐదు మేడమ్!"

మేడమ్ నవ్వింది. "కరెక్ట్. సీటు మీదే."

మునిశంకర్‌కు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. సంతోషం పట్టలేక మేడమ్ ముందే పెళ్లాం చెయ్యి పట్టుకున్నాడు. ఆమె కూడా విడిపించుకోలేదు.

మేడమ్ ఇద్దరినీ గుమ్మం దాకా సాగనంపింది.

"పేరూ పుట్టిన తేదీ ఖాళీగానే ఉంచుతాను, కాన్పు కాగానే ఫోన్ చేసి చెప్పండి."