ఆయిల్ తీసేసిన బండి

మోటార్‌సైకిల్‌కి ఆయిల్ ఎప్పుడూ తనే మార్చుకుంటాడు శ్రీవత్స. అందుకే బిల్లుల్లేవు. గేర్‌బాక్స్ కరకరమంటోందని తీసుకెళితే, బిల్లుల్లేవు గనక వారంటీ రాదన్నాడు డీలర్. అక్కడితో ఆగకుండా, అసలు గేర్‌బాక్స్‌లో చప్పుడే లేదన్నాడు! ట్రాయ్ ఊళ్లోని కార్ల కంపెనీలో పగలంతా గేర్‌బాక్సుల మోత కొలవడమే ఉద్యోగమైన మనిషికి ఒళ్లు మండదూ?

రేపటితో వారంటీ ఆఖరు. ఆ రాత్రి గరాజ్ తలుపు దించి, ఆయిల్ తనే మారుస్తాడనడానికి సాక్ష్యంగా ఫోన్‌లో వీడియో పెట్టి, బండిలోని ఆయిలంతా పళ్లెంలోకి వదిలాడు. చివరి చుక్క పడ్డాక చీమ చిటుక్కుమన్నా వినిపించేంత నిశ్శబ్దం.

లోపల్నుంచి భార్య ఉజ్వల కేకేసింది.

"వత్సా, ఆ ఇంజన్ ఆఫ్ చెయ్! పాప లేచిపోతుంది."

"నేను ఆన్ చెయ్యనేలేదే!"

"మరి ఇందాకట్నుంచీ ఆ కరకర ఏంటి?"

అతనికేమీ వినిపించలేదు. వీడియో వెనక్కి తిప్పాడు. ఆయిల్ ధార కారుతోంది. తన గొంతు తేదీ చెబుతోంది. ఆ గొంతు వెనకాలే కర్... కర్... డీలర్‌కి వినిపించాలనుకున్న మోతే.

జేబు తడుముకున్నాడు. తాళంచెవి అక్కడే ఉంది. గేర్‌బాక్స్ మీద చెయ్యి వేశాడు. కాలుతోంది.

అతను చూస్తుండగానే గేరు పెడల్ మెల్లగా కిందికి దిగింది.

అతనికి మాత్రం ఏ చప్పుడూ వినిపించలేదు.

లోపల పాప కెవ్వుమంది.