ముక్కు పట్టేంత సందు

ఇప్పచెట్టు తొర్రలో కొమ్ముముక్కు పిట్టల జంట నిరుటి ఇంటినే బాగుచేసుకుంటోంది. ఆడపిట్ట లోపలుండి, చిన్న సందు మాత్రం వదిలి గుమ్మాన్ని మట్టితో మూసేసుకోవాలి. పిల్లలు ఎదిగేదాకా మగపిట్ట బయటినుంచి పళ్లు అందించాలి. వాళ్లలో అదే ఆనవాయితీ.

"ఈసారి పెద్ద కిటికీ పెట్టుకుందామే, నీ మొహమన్నా కనిపిస్తుంది," అన్నాడు మగపిట్ట, మట్టి అందిస్తూ.

"కోతి చెయ్యి కూడా దూరుతుంది. గుడ్లు దక్కొద్దూ? నీ ముక్కు పడితే చాలు."

"అంటే నీకు నా ముక్కు ఒక్కటే కావాలన్నమాట!"

"ఆ ముక్కు చూసేగా చేసుకున్నాను. మట్టి ఇటివ్వు, ఆరిపోతోంది."

ఆమె చివరి ముద్ద మెత్తేసరికి అతనికి దిగులు ముంచుకొచ్చింది. వెళ్లి మేడిపండు తెచ్చాడు. సందులోంచి అందించి, ముక్కు వెనక్కి తీసుకుని, మెల్లగా కన్ను ఆనించాడు.

లోపలివైపు ఆమె కన్ను అప్పటికే ఆనించి ఉంది.