తెల్ల ఈక

ఆ తుమ్మచెట్టు మీద కాకులన్నీ నల్లవే, ఒక్క పిల్ల తప్ప. అది తెల్లగా పుట్టింది. "ఇది మన జాతిది కాదు" అని మొదట తిట్టాయి, తర్వాత పొడిచాయి. ఒక పొద్దున అది చెట్టు కింద చచ్చి పడి ఉంది.

కాకి చస్తే కాకులన్నీ చేరి ఏడవాలి కదా, ఆ మర్యాద మాత్రం తప్పలేదు. చెవులు చిల్లులు పడేలా ఏడ్చాయి.

అడవికి తలారి అయిన ఏనుగు వచ్చింది. "నా కళ్లు కొమ్మల దాకా ఆనవు. పొడిచిందెవరో మీరు చెప్పండి, శిక్ష సంగతి నేను చూసుకుంటాను" అంది.

"మీ వెనక మేమంతా ఉన్నామయ్యా!" అని పెద్దకాకి గొంతు చించుకుంది. మిగతావి వంత పాడాయి.

తల్లికాకి బిడ్డ పక్కనుంచి లేవలేదు. "ఏడ్చింది చాలు, పెద్దయ్యా. పేరు చెప్పండి" అంది.

పెద్దకాకి గబగబా ముక్కును కొమ్మకేసి రుద్దుకుంది. ముక్కుకు అంటుకున్న తెల్ల ఈక ఒకటి ఊడి, తేలుతూ వచ్చి ఏనుగు కాళ్ల దగ్గర పడింది. కాకులన్నీ చూశాయి.

"ఇదెక్కణ్ణుంచి పడింది?" అని అడిగింది ఏనుగు.

"గాలికి కొట్టుకొచ్చిందయ్యా" అన్నాయి కాకులన్నీ, ఒక్క గొంతుతో.