ఇల్లు చూసి పెట్టిన సంతకం

సీతారామయ్య చెప్పులు విప్పేలోపే చంద్రయ్య మూడుసార్లు నమస్కారం పెట్టాడు.

నాచారంలో రెండు గదుల రేకుల ఇల్లు. చంద్రయ్య దారం మిల్లులో కార్మికుడు. సీతారామయ్య స్కాలర్‌షిప్ సంస్థ తరఫున వచ్చిన మనిషి. పేదింటి పిల్లల్ని ఏరి, జర్మనీలో ఏడాదిపాటు ఉచితంగా చదివించే పథకం అది. విమానం టికెట్టు దగ్గర్నుంచి చలికోటు దాకా ఖర్చంతా వాళ్లదే. 2009లో జంటనగరాల మొత్తానికి ఒక్కటే సీటు.

పదో తరగతి కీర్తన రాతపరీక్ష గట్టెక్కింది. ఇల్లు చూసి సంతకం పెట్టడమే మిగిలింది.

కీర్తన చాప మీద కూర్చుంది. పక్కన చంద్రయ్య భార్య సాలమ్మ.

"అమ్మాయి ఏం ఇష్టంగా తింటుందమ్మా?"

"తలకాయ కూర సార్," అంది సాలమ్మ.

"నేను మాంసం ముట్టను," అంది కీర్తన, అదే క్షణంలో.

సీతారామయ్య పెన్ను ఆగింది.

"ఇయ్యాల పొద్దుగాలనే మానేసింది సార్," చంద్రయ్య అందుకున్నాడు. "సెలక్ట్ గావాలని మొక్కుకున్నది."

ఆయన తలూపి మంచినీళ్లు అడిగాడు. కీర్తన లోపలికి వెళ్లింది. గిన్నెలు దొర్లాయి. ఏదో మూత కింద పడింది.

"అమ్మా, బిందె ఎక్కడుందీ?"

"పొయ్యి పక్కకే ఉన్నది బిడ్డా!" సాలమ్మ అరిచింది. తర్వాత సీతారామయ్య వైపు తిరిగి, "ఇరవై నాలుగ్గంటలు సదువే సార్. ఏది ఏడున్నదో దానికి ఫికరే లేదు," అంది.

"అది సరే. మీ మాట ఇలా ఉంది, అమ్మాయి మాట అచ్చం గోదావరి జిల్లాలా ఉందేమిటి?"

చంద్రయ్యకు చెమటలు పట్టాయి.

"స్కూల్ల టీచరమ్మది భీమవరం సార్. గా బాస అంటుకున్నది. మస్తు మందులు వాడినం, పోలే."

సీతారామయ్య నవ్వలేదు. కాగితాలు సర్దుకుంటూ చివరి ప్రశ్న వేశాడు.

"ఏడాదిపాటు కూతుర్ని చూడకుండా ఉండగలవా తల్లీ?"

సాలమ్మ జవాబు చెప్పబోయింది. ఒక్కసారిగా ఏడుపు తన్నుకొచ్చింది.

"ఒక్కతే బిడ్డ సార్. అది నవ్వితేనే ఇది ఇల్లులెక్కుంటది. పంపాలంటే పాణం గుంజుతది. గానీ నా బిడ్డ గీ రేకుల కింద ఆగిపోవద్దు సార్. పోవాలె. మంచిగ సదవాలె."

చంద్రయ్య మొహం గోడవైపు తిప్పుకున్నాడు. గ్లాసుతో వచ్చిన కీర్తన అక్కడే నిలబడిపోయింది. ఆమె కళ్లు కూడా నిండాయి.

సీతారామయ్య కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ఇంకేమీ అడగకుండా సంతకం పెట్టాడు. స్కూటరెక్కి ఉప్పల్ వైపు వెళ్లిపోయాడు.

సాలమ్మ ఇంకా వెక్కుతూనే ఉంది. కీర్తన సంచిలోంచి సెల్‌ఫోన్ తీసి, స్పీకర్ నొక్కి, "సార్ సంతకం పెట్టేశారు!" అంది.

అవతలినుంచి ఒక మగగొంతు గుసగుసలాడింది.

"శభాష్ కీర్తనా, కానీ ముందు ఫోన్ పెట్టెయ్ తల్లీ, ఇంగ్లీషొచ్చిన తల్లిదండ్రులుంటేనే తీసుకుంటామన్న ఆ అమెరికా స్కాలర్‌షిప్ మేడమ్ ఇంకా మన సోఫాలోంచి లేవలేదు, మీ అమ్మా నేనూ ఇప్పుడు చంద్రయ్యగారి అమ్మాయి హిమజకి అమ్మానాన్నలం!"